నడి ఎండలో బురద

కంగన్ మీర్జా ఓణీ కప్పుకున్నాడంటే లక్నోలో ఏ సభ అయినా పొట్ట పట్టుకుని నవ్వాల్సిందే. అసలు పేరు మీర్జా ఫర్ఖుంద్ బేగ్. ఆరడుగుల మనిషి, గుబురు మీసం, గొంతు విప్పితే నగారా. కవిత్వంలో పెట్టుకున్న పేరు మాత్రం కంగన్, అంటే గాజు. సభలో కొవ్వొత్తి తన ముందుకు రాగానే గులాబీ రంగు ఓణీ నెత్తి మీదుగా లాక్కుని, బుగ్గన వేలు పెట్టుకుని, "అయ్యో అక్కా, నా బాధ ఏం చెప్పుకోనే!" అని మొదలుపెట్టేవాడు. ఆడవాళ్ళ మాటల్లో మగవాళ్ళు కట్టే ఈ కవిత్వాన్ని రేఖ్తీ అంటారు. నవాబుల రోజుల్లో దీనికి శాలువాలు కప్పారు. నవాబు పోయి దొరలు వచ్చి కూర్చున్నాక ఇదే పాడు కవిత్వం అయిపోయింది. నిన్నటిదాకా పడీ పడీ నవ్విన పెద్దమనుషులే ముక్కు మూసుకోవడం నేర్చుకున్నారు. చాటుగా నవ్వడం మానారా అంటే, అదీ లేదు.

మరి మీసాల మనిషికి ఆడవాళ్ళ మాటలు ఎక్కడివి? ఇంట్లోవే. ఆడవాళ్ళుండే జనానా గదికీ ఆయన మంచానికీ మధ్య ఒక్క గుడ్డ తెర. మధ్యాహ్నం హుక్కా పక్కన పెట్టుకుని, కళ్ళు మూసుకుని, అప్పుడప్పుడు ఓ గురక కూడా వదిలేవాడు. చెవులు మాత్రం తెర అవతల ఉండేవి. వంటావిడ తిట్లు, గాజులమ్మే ముసలమ్మ వెక్కిరింతలు, చుట్టాల అలకలు, అన్నీ ఏరుకోవడమే. రేఖ్తీ కట్టేవాళ్ళంతా అలా ఏరుకున్నవాళ్ళే. ఇంట్లో ఆడవాళ్ళకీ తెలుసు. తెలిసి నవ్వుకునేవాళ్ళు, కుద్సియా బేగంతో సహా.

కుద్సియా ఆయన మేనకోడలు. పెళ్ళయిన రెండో ఏడే మొగుడు కలరాతో పోతే మేనమామ పంచన చేరింది. ముప్ఫై దాటింది. ఆమెకు లోకంలో మిగిలిన సంతోషం ఒకటే: మధ్యాహ్నం వీధి మలుపులో బోయీల కేక వినపడటం, గుమ్మంలో పల్లకి దిగటం, అందులోంచి నౌబహార్ దిగటం.

వాళ్ళిద్దరూ దోగానాలు. బాదంకాయ పగలగొడితే ఒక్కోసారి లోపల జంట పప్పు ఉంటుంది కదా, దాన్ని ఇద్దరు ఆడవాళ్ళు చెరొకటి తింటే వాళ్ళు ఇక దోగానాలు. అక్కచెల్లెళ్ళ కంటే ఎక్కువ. ఎంత ఎక్కువో లక్నోలో ఎవరూ అడగరు, వాళ్ళూ చెప్పరు. వాళ్ళు దోగానాలైన రోజు నౌబహార్ తన పప్పు సగం కొరికి, కుద్సియా చేతిలోది చూసి, "ఒసే, నీదే పెద్దది, ఇటియ్యి" అని లాక్కుని, తన ఎంగిలిది ఆమె నోట్లో పెట్టింది. కుద్సియా నమల్లేదు. చాలాసేపు అలాగే నాలుక మీద ఉంచుకుంది. ఆ తర్వాత ఎన్ని విందులు తిన్నా ఆ రుచి ముందు దిగదుడుపే.

ఈ సంగతి ఒక మధ్యాహ్నం ఇద్దరూ తలుచుకుని కిసకిసలాడుకుంటుంటే, తెర అవతల గురక ఆగింది. వాళ్ళు గమనించలేదు.

వారం తిరక్కుండా చౌక్‌లో ఒక ధనవంతుడి హవేలీలో కంగన్ మీర్జా ఓణీ సర్దుకుని ఆ బాదంపప్పునంతా సభకు పంచిపెట్టాడు. లాక్కోవటం, ఎంగిలి, "నీదే పెద్దదే" అనటం, ఏదీ వదల్లేదు. జనం దిండ్ల మీద పడి దొర్లారు. మళ్ళీ చెప్పమన్నారు, మళ్ళీ మళ్ళీ చెప్పమన్నారు.

నౌబహార్ మొగుడు తఫజ్జుల్ హుసేన్ బడుల డిప్టీ ఇన్‌స్పెక్టరు. దొరగారి దయతో పుట్టిన సంస్కార సభకు కార్యదర్శి కూడా ఆయనే. ఊళ్ళో ఎంత కుళ్ళు కవిత్వం నడుస్తోందో భార్యకు తెలియాలని, రాత్రి భోజనం దగ్గర ఆ గజల్ మొదటి నుంచి చివరిదాకా ఒక్క ముక్క పోకుండా కోపంగా వినిపించాడు. నీతి చెప్పేవాళ్ళకు ఇలాంటివి కంఠతా వచ్చినట్టు ఇంకెవరికీ రావు, అదేం చిత్రమో! నౌబహార్ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

మర్నాడు వాళ్ళ పనిమనిషి షరీఫన్ వచ్చి, చిన్న పట్టుగుడ్డ మూట కుద్సియా ఒళ్ళో పడేసి వెళ్ళిపోయింది. విప్పి చూస్తే బాదం తొక్కలు. ఇన్నేళ్ళూ నౌబహార్ దాచుకున్న తొక్కలు. మామయ్య గజల్ సంగతి కుద్సియాకూ అప్పుడే వంటావిడ చెవిన వేసింది.

తెర ఒక్క లాగు లాగి అవతలికి వెళ్ళింది.

"మామయ్యా! మీరు నిద్రపోవటం లేదని నాకు తెలుసు. కళ్ళు తెరవండి."

"ఏమైంది తల్లీ, కొంపలంటుకున్నాయా?"

"అంటుకుంది నా కొంప. వంటావిడ తిట్లు తీసుకున్నారు, ఊరుకున్నాను. గాజులామె సరసాలు తీసుకున్నారు, నవ్వాను. నా బాదంపప్పు మీకెందుకు? దాంతో మీకేం పని?"

మీర్జా లేచి కూర్చున్నాడు. "అందరూ మెచ్చుకున్నారే అమ్మా..."

"మెచ్చుకున్నారా, నవ్వారా?"

"రేఖ్తీకి నవ్వే మెప్పు కదే."

"నేనే అన్నీ మీకు చెప్పి ఊరి మీదికి వదిలానని అనుకుంటోంది అది! నేను దాని సొమ్ము అమ్ముకున్నానని అనుకుంటోంది!" అంటూ అక్కడే మంచం కోడు పట్టుకుని కూలబడి ఏడ్చేసింది. మీర్జాకు తన పెద్ద చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కుద్సియా తమలపాకులు చుట్టి పంపింది, తిరిగొచ్చాయి. అత్తరు పంపింది, అదీ వచ్చింది. బోయీల కేక వినపడితే గుమ్మం దాకా పరిగెత్తేది, ఆ పల్లకి ఇంకెవరి ఇంటికో పోయేది. ఇంతలో గాజులమ్మే ముసలమ్మ పిడుగులాంటి కబురు తెచ్చింది. డిప్టీగారికి అలహాబాదు బదిలీ అయిందట. కమిషనర్ దొరగారి ముషాయిరా, అదే కవుల సభ, ముగియగానే మూటాముల్లె సర్దుకుని కుటుంబంతో సహా వెళ్ళిపోతున్నారట.

ఆ ముషాయిరా గురించి కూడా చెప్పాలి. మన ముషాయిరాలు దీపాలు పెట్టాక మొదలై కోడి కూసేదాకా సాగుతాయా, దొరవారికి రాత్రి భోజనం వేళ తప్పకూడదు. అందుకని మధ్యాహ్నం నాలుగింటికి. పరుపులూ దిండ్లూ కాదు, కుర్చీలు. ప్రేయసి లేదు, మధువు లేదు, ఓణీలు అసలే లేవు. కవులందరూ 'వానలు, వాటి ప్రయోజనాలు' అన్న విషయం మీదే చెప్పాలి. అది జ్యేష్ఠం ఎండల్లో! గోమతి నది ఎండి పక్కటెముకలు చూపిస్తుంటే! కంగన్ మీర్జాకు కూడా పిలుపు వచ్చింది. చెడిపోయిన కవి బాగుపడ్డాడని దొరకు చూపించడానికన్నమాట. నల్ల కోటు వేసుకుని రావాలని డిప్టీగారి మనిషి ప్రత్యేకంగా చెప్పి పోయాడు.

"మామయ్యా," అంది కుద్సియా, "ఆ రోజు నౌబహార్ కూడా తెర వెనక ఉంటుంది. డిప్టీగారి భార్య కదా, రాక తప్పదు. నా మొహం చూడదు. కానీ సభలో చెప్పింది వినక తప్పదు కదా. మీరు పాడుచేశారు, మీరే బాగుచెయ్యండి. నేను చెప్పలేదని, మీరే దొంగచాటుగా విన్నారని కవిత కట్టి చెప్పండి."

"చెప్తాను తల్లీ. నీ మీద ఒట్టు."

ఆ సాయంత్రం పెరట్లో ప్రయత్నించాడు పాపం. ఓణీ లేకుండా నోరు పెగలదు, కాబట్టి ఓణీ కప్పుకున్నాడు. "అయ్యో చెల్లీ, నా తప్పు కాదే..." అని తల వంచి కన్నీళ్ళు తుడుచుకున్నాడు. మీసం కొస ఓణీ అంచుకు చిక్కుకుంది. వంటావిడ గరిటె కింద పడేసుకుని నవ్వింది. కుద్సియా పళ్ళు బిగపట్టింది, పెదవి కొరుక్కుంది, చివరికి తనూ ఫక్కున నవ్వేసింది. నవ్వినందుకు వెంటనే ఒళ్ళు మండిపోయింది.

మీర్జా నవ్వలేదు. ఓణీ తీసి మడతపెట్టాడు.

"చూశావా? గుండె మండి అడిగినదానివి నువ్వే, నవ్వినదానివీ నువ్వే. నా నోట్లో పడితే మీ ఏడుపు కూడా వేళాకోళమే అవుతుంది. నలభై ఏళ్ళ బట్టీ ఆడవాళ్ళ మాట నాకే తెలుసని తిరిగాను. దొరలకేమో అదే మాట బూతు. మీరు చెబితే ఎలా ఉంటుందో ఎవరం వినలేదు, వాళ్ళూ మేమూ కూడా."

"అయితే చెప్పరా?"

"నాకు చేతకాదమ్మా," అన్నాడు. అంత పెద్ద మనిషి ఆ మాటను అంత చిన్నగా అనటం కుద్సియా ఎప్పుడూ వినలేదు. ఆ రాత్రి ఆమె తనే ఏవో పంక్తులు అల్లుకుంది. ఎవరికి వినిపించాలని? ఎవరికీ కాదు. నౌబహార్ లేని చోట నౌబహార్‌తో మాట్లాడటం అలవాటైపోయింది, అంతే.

ముషాయిరా రోజు బారాదరీ మంటపంలో నాలుగింటికి కూడా ఎండ మండిపోతోంది. అయినా కొవ్వొత్తి వెలిగించారు. కొవ్వొత్తి లేకుండా ముషాయిరా ఏమిటి, పెళ్ళికొడుకు లేని పెళ్ళిలాగా? అది ఎవరి ముందు పెడితే వాళ్ళు చదవాలి. కావాలంటే వాళ్ళే దాన్ని ఎత్తి ఇంకొకరి ముందు పెట్టి తమ వంతు ఇవ్వొచ్చు; చదివేదాకా మరెవరూ దాన్ని కదపకూడదు, లేవకూడదు. ఒకప్పుడు నల్లమందు వేసుకుని కునికే కవి ముందు పెడితే, ఆయన మేలుకుని గజల్ చదివేదాకా నవాబులంతా తెల్లవార్లూ కిక్కురుమనకుండా కూర్చున్నారు. అదీ లక్నో మర్యాద. ఇప్పుడు ఆ కొవ్వొత్తి ఎండలో వెలవెలపోతూ ఉంటే, మోసేవాడు గాలికి ఆరకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని తిరుగుతున్నాడు.

వెదురు తెర వెనక బేగములు ఒకరి మీద ఒకరు పడుతూ విసనకర్రలు ఊపుకుంటున్నారు. నౌబహార్ ఆ చివర గోడ వైపు తిరిగి కూర్చుంది. కుద్సియా ఈ చివర. మధ్యలో నౌబహార్ అత్తగారు, కొండలా.

మొదటి కవి లేచి వాన వల్ల గోధుమలు, గోధుమల వల్ల శిస్తు, శిస్తు వల్ల సర్కారు చల్లగా ఉంటాయని చెప్పాడు. దొర తల ఊపాడు. రెండో అతను కుర్రవాడు. మబ్బులతో బాగానే మొదలుపెట్టాడు కానీ మూడో పంక్తిలో ఎక్కడినుంచి వచ్చిందో ఒక అమ్మాయి వానలో తడిసిపోయింది. డిప్టీగారు గట్టిగా దగ్గాడు. కుర్రవాడు కంగారుపడి ఆమెకు గొడుగు ఇచ్చి ఇంటికి పంపేశాడు. దొర గడియారం చూసుకుంటూ, "వాన మీద పాట మంచిది. ఆడదాని మీద పాట మంచిది కాదు. ఇక ముందుకు!" అన్నాడు.

కొవ్వొత్తి కంగన్ మీర్జా ముందుకు వచ్చింది.

మెడ దాకా బొత్తాలు పెట్టిన నల్ల కోటులో ఆయన ఉడికిపోతున్నాడు. వెనక నుంచి ఎవడో, "గాజుగారూ, ఓణీ ఏదీ?" అన్నాడు. నవ్వులు లేచాయి. మీర్జా జేబులోంచి కాగితం తీశాడు, చూశాడు, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. తర్వాత వంగి కొవ్వొత్తి తన చేత్తోనే ఎత్తుకుని, కుర్చీల మధ్య నుంచి నడిచి వెళ్ళి, వెదురు తెర ముందు, సరిగ్గా ఈ చివర, నేల మీద పెట్టాడు.

"నా వంతు అక్కడ ఉంది," అన్నాడు. వచ్చి కూర్చున్నాడు.

బారాదరీలో ఒక్కసారిగా కలకలం రేగింది. డిప్టీగారు లేచాడు. "మీర్జా సాహెబ్! మీకు మతి పోయిందా? అటు ఆడవాళ్ళు! తియ్యండి దాన్ని!"

అధ్యక్షుడు నవాబ్ అచ్ఛన్ సాహెబ్‌కు ఎనభై ఏళ్ళు. ఆయన కర్ర నేలకు తాటించాడు. "కూర్చో నాయనా. ఇంకొకరి ముందు పెట్టిన కొవ్వొత్తి తీసినవాడు లక్నోలో ఇంతవరకు పుట్టలేదు."

"హుజూర్, ఆడవాళ్ళ గొంతు..."

"నాకు చెప్పకు. కొవ్వొత్తికి చెప్పు."

దొర ఏమిటి గొడవ అని అడిగాడు. ఎవరో వివరించారు. దొరకు నియమం అన్న మాట వినపడితే చాలు, ప్రాణం లేచొస్తుంది. "నియమం అంటే నియమం," అన్నాడు. "కూర్చో, డిప్టీ." తన దొరే కూర్చోమన్నాక డిప్టీ ఏం చేస్తాడు? కూర్చున్నాడు.

తెర వెనక విసనకర్రలు ఆగిపోయాయి. కుద్సియాకు వెదురు పుల్లల సందుల్లోంచి చిన్న మంట కనిపిస్తోంది. పరాయి మగవాళ్ళు ఆమె గొంతు ఎన్నడూ వినలేదు. ఇప్పుడు నోరు తెరిస్తే రేపు ఊరంతా ఏమంటుందో ఆమెకు తెలుసు. తెరవకపోతే నౌబహార్ అలహాబాదు వెళ్ళిపోతుంది. ఆ చివరికి చూసింది. నౌబహార్ లేచి పోవాలని కొంగు సర్దుకుంది కానీ, కొవ్వొత్తి ఉండగా లేవకూడదు. గోడ వైపే తిరిగి ఉంది. చెవి మాత్రం ఇటే ఉంది.

కుద్సియా చదివింది.

"వాన వస్తే పంటలొస్తాయని ఊరంతా అంటున్నది,
వాన వస్తే ఒక పల్లకి నా గుమ్మంలో ఆగుతుందని ఆశ నాకున్నది.

మన మాట నేనెవరికీ చెప్పలేదే, గోడ విన్నది,
గోడే గులాబీ ఓణీ కప్పుకుని సభలో పాడుకున్నది.

నవ్వినవాళ్ళు నవ్వి ఇళ్ళకు పోయారు, వాళ్ళకేం పోయింది,
నీ పంటి గాటు పడిన సగం నా నాలుక మీదే ఉన్నది.

ఓ మబ్బూ, పంటలు ఎవరికి కావాలో వాళ్ళకియ్యి, నాకొద్దు,
ఒక్క పూట బురద చెయ్యి, నా ప్రాణం ఆ బురదలోనే ఉన్నది."

ఎవరూ నవ్వలేదు. వాహ్ అనలేదు కూడా. ఆడవాళ్ళ ఆశల మీద నలభై ఏళ్ళుగా నవ్విన మగవాళ్ళకు, ఈ మాటకు ఏం చెయ్యాలో తోచలేదు. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. మీర్జా తల వంచుకుని కోటు బొత్తాము తిప్పుకుంటున్నాడు. గోడ ఎవరో ఊరందరికీ తెలుసు.

అప్పుడు తెర వెనక నుంచే, ఆ చివర నుంచి, ఇంకో ఆడగొంతు వచ్చింది.

"మళ్ళీ!"

సభలో పద్యం నచ్చితే మళ్ళీ చదవమని అడగటం మామూలే. కానీ అడిగేది మగవాళ్ళు. అత్తగారు "ఏమిటే ఇది!" అని మోచెయ్యి లాగుతున్నా ఆ గొంతు ఆగలేదు.

"ఆ చివరి మాట మళ్ళీ చెప్పు!"

డిప్టీగారి మొహం సున్నం కొట్టినట్టయింది. పన్నెండేళ్ళుగా ఆ గొంతు ఆయన ఒక్కడి కంచం దగ్గరే వినపడింది. కుద్సియా చెప్పింది. ఈసారి ఏడుస్తూ చెప్పింది.

"ఆ స్త్రీ ఏమి చెప్పింది?" అని దొర డిప్టీనే అడిగాడు.

డిప్టీగారు రుమాలుతో నుదురు తుడుచుకున్నాడు. నిజం చెబితే పోయేది ఎవరి పరువో ఆయనకు బాగా తెలుసు. "వాన గురించే, సార్. వర్షం వల్ల... రోడ్లు పాడవుతాయని. రాకపోకలకు ఇబ్బంది అని."

"అవును!" అన్నాడు దొర సంతోషంగా. "చాలా నిజం. రోడ్లు! ఇంతసేపటికి ఒక ఉపయోగమైన పద్యం." నవాబ్ అచ్ఛన్ సాహెబ్‌కు దగ్గు తెర వచ్చింది. ఆయన్ను ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది.

సభ ముగియగానే అత్తగారు నౌబహార్‌ను పల్లకిలోకి తోసి పరదా బిగించేసింది. వాళ్ళిద్దరికీ ఒక్క మాటకు కూడా వీలు చిక్కలేదు. కుద్సియా ఇంటికొచ్చి మామయ్యతో మాట్లాడలేదు. రాత్రి ఆయన కంచంలో మాత్రం ఇంకో రొట్టె వేసింది.

గురువారం డిప్టీగారి ప్రయాణం. పొద్దున్నించీ ఎండ నిప్పులు చెరుగుతోంది. వీధిలో దుమ్ము కాళ్ళకు బొబ్బలెక్కిస్తోంది. కుద్సియా గుమ్మం దగ్గరికి వెళ్ళకూడదనుకుంది, వెళ్ళింది. మలుపులో బోయీల కేక వినపడింది. ముందు సామాను బండి, పక్కన గడియారం చూసుకుంటూ డిప్టీగారు, వెనక పల్లకి. పల్లకి గుమ్మం దాకా వచ్చింది. గుమ్మం దాటబోయింది.

"ఆపండి!" అని పరదాలోంచి కేక.

"ఏమిటి?" అన్నాడు డిప్టీగారు. "రైలు వేళవుతోంది!"

"ఏవండీ, దారంతా బురదగా ఉంది," అంది నౌబహార్. "బోయీల కాళ్ళు దిగబడిపోతున్నాయి. కాస్త ఆరేదాకా ఆగుదాం."

బోయీలు తమ కాళ్ళ వంక చూసుకున్నారు. ఎండిన దుమ్ము. వాళ్ళలో పెద్దవాడు ఒక్క క్షణం ఆలోచించి, "అవునయ్యా, ఒకటే బురద," అని పల్లకి దింపేశాడు. పరదా తొలగింది. నౌబహార్ దిగి, బురదలో నడుస్తున్నట్టు కుచ్చిళ్ళు రెండు చేతులా పైకెత్తుకుని, లోపలికి వెళ్ళిపోయింది. కుద్సియా చేతిలో ఆ పట్టుగుడ్డ మూట అలాగే ఉంది.

డిప్టీగారు నడివీధిలో నిలబడిపోయాడు. ఏమని అరవాలి? వాన లేదనా? నలుగురూ వినేలా అది ఏం మాట? వానకు రోడ్లు పాడవుతాయని దొర ముందు తనే చెప్పి వచ్చాడాయె.

లోపలి నుంచి కంగన్ మీర్జా గొడుగు పట్టుకుని బయటికి వచ్చాడు. తెర పక్కన మంచం ఖాళీగా వదిలేసి, తలుపు తన చేత్తోనే దగ్గరగా వేసి, లోపలి మాటలు వినపడనంత దూరం నడిచి, వీధి అవతలి అరుగు మీద కూర్చున్నాడు. నెత్తిన ఎండ భగభగమంటుంటే నల్లగొడుగు విప్పాడు.

"రండి డిప్టీ సాహెబ్," అన్నాడు పక్కకు జరుగుతూ. "తడిసిపోతారు."

డిప్టీగారు ఆయన వంక చూశాడు, మూసిన తలుపు వంక చూశాడు. లోపల ఇద్దరాడవాళ్ళు నవ్వుతున్నారో ఏడుస్తున్నారో వీధిలోకి తెలియటం లేదు. ఆయన గడియారం జేబులో వేసుకుని, వచ్చి గొడుగు కింద కూర్చున్నాడు.